వెనక్కి తెచ్చే బటన్ ఏదీ?

పోయిన నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాడు. స్కూలు బస్సు ఎక్కడిదాకా వచ్చిందో తల్లిదండ్రులకి ఫోన్లో చూపించే యాప్ వాళ్ళది. "అన్నయ్యా, డిప్లాయ్‌మెంట్ మొత్తం ఆటోమేట్ చేసేశాను, ఒక్క సాయంత్రంలో అయిపోయింది" అన్నాడు. ఏఐని అడిగితే 140 లైన్ల ఫైలు రాసిచ్చిందట, అందులో రెండు చోట్ల పేర్లు మార్చుకున్నాడట, అంతే. డిప్లాయ్‌మెంట్ అంటే కొత్త కోడ్‌ని జనం వాడే సర్వర్‌లోకి ఎక్కించడం. మెయిన్ బ్రాంచ్‌లోకి (టీము కోడ్ అంతా కలిసే చోటు) కోడ్ రాగానే టెస్టులు నడుస్తాయి, డాకర్ ఇమేజ్ (ప్రోగ్రాంనీ దానికి కావలసినవన్నిటినీ కలిపి కట్టిన మూట) తయారవుతుంది, రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే గోదాం) చేరుతుంది, క్లౌడ్‌లో పాత కంటైనర్ (నడుస్తున్న ఇమేజ్) దిగి కొత్తది ఎక్కుతుంది. ఈ వరసంతటినీ కలిపి పైప్‌లైన్ అంటారు. స్క్రీన్ షేర్ చేసి మరీ చూపించాడు. బాగుంది, నిజంగానే బాగుంది. నాలుగేళ్ళ కిందట ఇదే పనికి నాకు మూడు వారాలు పట్టింది కాబట్టి కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

అంతా చూశాక ఒకటే అడిగాను. "ఇప్పుడు ఎక్కించింది తేడా కొట్టిందనుకో. పాతదాన్ని ఎలా తెస్తావు?"

"రివర్ట్ కమిట్ చేసి పుష్ చేస్తా. మిగతాది పైప్‌లైనే చూసుకుంటుంది." కమిట్ అంటే కోడ్‌లో దాచుకున్న ఒక మార్పు. పోయిన మార్పుని రద్దుచేసే ఇంకో మార్పు పంపి, ఇమేజ్‌ని మళ్ళీ మొదటినుంచి కట్టిస్తానంటున్నాడు.

"ఎంతసేపు?"

కాసేపు ఆగాడు. "పద్నాలుగు నిమిషాలు. ఇంతకుముందు కట్టి దాచిన ముక్కలు (క్యాష్) కలిసొస్తే పదకొండు."

పద్నాలుగు నిమిషాలంటే స్కూలు వదిలాక బస్సు మూడు నాలుగు స్టాపులు దాటిపోతుంది. ఆ మాటే అన్నాను. "అంత సీన్ ఉండదులే అన్నయ్యా, టెస్టులున్నాయిగా" అన్నాడు. వాడితో అప్పుడు వాదించలేదు. తీరిగ్గా ఇక్కడ వాదిస్తున్నాను.

నేననేది ఇది. సర్వర్‌ని క్లౌడ్‌లోకి ఎక్కించే పనిని ఆటోమేట్ చేద్దామని కూర్చుంటే, మొట్టమొదట పాతదాన్ని తిరిగి నిలబెట్టే దారి రాయాలి. దాన్ని ఏ తేడా లేని రోజున ఒకటికి రెండుసార్లు నొక్కి చూడాలి. కొత్తది ఎక్కించే దారి ఆ తర్వాత రాసుకున్నా కొంప మునగదు, అప్పటిదాకా చేత్తో ఎక్కించుకోవచ్చు. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ అలాగే చేశాను. ఏఐని తప్పుపట్టడానికి కూడా లేదు, ఎందుకంటే అది చదువుకున్న ట్యుటోరియల్స్ అన్నీ ఆకుపచ్చ టిక్కు పడగానే ముగిసిపోతాయి. ఎర్ర గుర్తు పడ్డాక ఏం చేయాలో రాసేవాడికి అప్పటికి ఓపిక ఉండదు కాబోలు.

సాయంత్రం పాలు

మా టీములో ఐదుగురం. పాల సేకరణ కేంద్రాల కోసం ఒక సర్వర్ నడుపుతాం. రైతు పాలు తెచ్చి పోస్తే అక్కడి మెషిన్ ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం) చూస్తుంది, ఆ అంకెలు మా సర్వర్‌కి వస్తాయి, మేం రేటు లెక్కగట్టి పంపితే అక్కడ చీటీ ప్రింటవుతుంది. పొద్దున ఓ రెండు గంటలు, సాయంత్రం ఓ రెండు గంటలు, అంతే పని. మిగతా ఇరవై గంటలూ సర్వర్ పడుకున్నా అడిగే నాథుడుండడు. ఆ నాలుగు గంటల్లో మాత్రం రెండు నిమిషాలు ఆగితే క్యాన్లు పట్టుకుని మనుషులు బారులు తీరతారు.

పైప్‌లైన్ లేని రోజుల్లో ఒకసారి మధ్యాహ్నం నాలుగింటికి కొత్త వెర్షన్ ఎక్కించాం. కలెక్షన్ మొదలయ్యేది ఐదున్నరకి, బోలెడు టైముందనుకున్నాం. ఫ్యాట్‌ని ఒక దశాంశానికి సవరించాల్సిన చోట మా కొత్త కోడ్ కత్తిరించి పారేస్తోంది. 4.28 వస్తే 4.3 కావాలి, మాది 4.2 చూపిస్తోంది. లీటరు మీద పైసల్లో తేడా. కానీ పాల కేంద్రంలో పైసల తేడా రైతు పట్టేసినంత తొందరగా ఏ మానిటరింగ్ టూలూ పట్టలేదు. 5:40కి మొదటి ఫోను వచ్చింది. మా డ్యాష్‌బోర్డు అప్పటికీ పచ్చగానే ఉంది. సర్వర్ బతికే ఉంది, అడిగినవాళ్ళకల్లా టక్కున జవాబిస్తోంది, ఆ జవాబే తప్పు.

సరే, పాతది పెట్టేద్దాం అనుకున్నాం. ఏది పాతది? మేం ఎప్పుడు ఇమేజ్ కట్టినా 'లేటెస్ట్' అనే ట్యాగే తగిలించేవాళ్ళం. నిన్నటిదీ లేటెస్టే, ఇవాళ్టిదీ లేటెస్టే. కొత్తది వచ్చినప్పుడు ఆ ట్యాగు దాని మీదికి జరిగిపోయింది, పాతదేదో రిజిస్ట్రీలో పేరు లేకుండా పడి ఉంది, అలాంటివే ఇంకో ఇరవై ఉన్నాయి. ఏది నిన్నటిదాకా నడిచిందో తేల్చే ధైర్యం ఎవరికీ లేక, గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచే చోటు) పాత కమిట్‌కి వెళ్ళి మళ్ళీ బిల్డ్ చేద్దామన్నాం. అక్కడ ఇంకో దెబ్బ. మా డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైలు) మొదటి లైనులో మేం కోడ్ రాసే భాష పైథాన్ '3-స్లిమ్' అని మాత్రమే ఉంది, ఈ మధ్యలో ఆ పేరు కింద కొత్త పైథాన్ వచ్చేసింది, మేం వాడే లైబ్రరీ ఒకటి దాని మీద ఇన్‌స్టాలే కాలేదు. కమిట్ పాతదే, కోడ్ పాతదే, కానీ తయారవుతున్న సరుకు మాత్రం అంతకుముందు ఎన్నడూ లేనిది.

అంతా సర్దుకునేసరికి గంటా యాభై నిమిషాలు. అప్పటికి కేంద్రాలు మూసేశారు. మర్నాడు ఒక కేంద్రం సెక్రటరీ గారు వాట్సాప్‌లో ఫోటో పంపారు. రూళ్ళ పుస్తకంలో చేత్తో గీసిన పట్టిక, రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్, 63 వరసలు, పైన ఎర్ర ఇంకుతో "కంప్యూటర్ రాలేదు" అని ఉంది. తిట్టలేదు, ఒక్క మాట కూడా అనలేదు. ఆ 63 వరసలూ కూర్చుని నేనే ఎక్కించాను.

సీసా మీద ఏం రాస్తాం

డాకర్ 2013లో వచ్చింది. అది అంతలా పాకడానికి కారణం ఒక్కటే. ఒకసారి కట్టిన ఇమేజ్ నా ల్యాప్‌టాప్‌లోనూ, టెస్ట్ సర్వర్‌లోనూ, ప్రొడక్షన్‌లోనూ (జనం వాడే అసలు సర్వర్) అదే ఇమేజ్. ఆ రాత్రి మేం ఆ ఒక్క సుగుణాన్నీ పక్కన పెట్టి, వెనక్కి వెళ్ళడానికి మళ్ళీ కొత్తగా వండబోయాం. మా తమ్ముడి రివర్ట్ కమిట్ కూడా సరిగ్గా ఇదే. నిన్నటి కూర ఫ్రిజ్‌లో ఉండగా కూరగాయలు కోయడం మొదలుపెట్టడం.

పాల కేంద్రంలో శాంపిల్ సీసా మీద రైతు నంబరు రాస్తారు. 'ఇప్పుడే వచ్చిన పాలు' అని రాసి పెట్టేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. చదువు పెద్దగా లేని కుర్రాడు చేసే పనిని మేం ఇంజినీర్లం ఐదుగురం రెండేళ్ళపాటు చేయలేదు. ఇప్పుడు ప్రతి ఇమేజ్‌కీ కమిట్ నంబరే పేరు. ఒకసారి పెట్టిన ట్యాగు మళ్ళీ కదలకుండా రిజిస్ట్రీలోనే తాళం వేశాం, డిప్లాయ్ చేసేటప్పుడు ట్యాగుని కూడా నమ్మకుండా ఇమేజ్ డైజెస్ట్ వాడతాం. డైజెస్ట్ అంటే లోపలి సరుకుని బట్టి పుట్టే పేరు, సరుకులో ఒక్క బైటు మారినా పేరు మారిపోతుంది.

ఇది అతి జాగ్రత్త అనేవాళ్ళకి 2025 మార్చి సంగతి ఒకటి చెబుతాను. గిట్‌హబ్ యాక్షన్స్ అనే పైప్‌లైన్ సేవలో ఏయే ఫైళ్ళు మారాయో చూపించే ఒక యాక్షన్ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ ముక్క) ఉంది, అప్పటికి దాన్ని 23,000కు పైగా రిపాజిటరీలు (కోడ్ నిలవలు) వాడుతున్నాయి. దాని పాత వెర్షన్ల ట్యాగులన్నిటినీ ఎవరో ఒక విషపు కమిట్ మీదికి జరిపేశారు. వాడుతున్నవాళ్ళు తమ ఫైల్లో ఒక్క అక్షరం మార్చలేదు, అదే పాత వెర్షన్ పేరు, కానీ బిల్డ్ నడిచినప్పుడు పాస్‌వర్డులూ టోకెన్లూ లాగ్‌లో (బిల్డ్ రాసుకునే చిట్టా) బయటపడ్డాయి. పేరుకి బదులు పూర్తి కమిట్ నంబరు రాసుకున్నవాళ్ళు చాలావరకు తప్పించుకున్నారు. పైప్‌లైన్ చేతికి ప్రొడక్షన్ తాళాలు ఇచ్చినప్పుడు ఆ పైప్‌లైన్ లోపలికి ఏ పేరుతో ఏం వస్తోందో చూసుకోకపోతే ఎలా? ఏఐ మావాడికి రాసిచ్చిన 140 లైన్లలో ఇలా జరిగిపోగల పేర్లు ఆరున్నాయి. నేనే లెక్కపెట్టాను.

పేర్లు సరిదిద్దుకున్నాక పైప్‌లైన్ రాశాను. అప్పుడైనా బుద్ధి వచ్చిందా అంటే, సగమే. ముందుకెళ్ళే దారి మూడు వారాలు రాశాను, వెనక్కి తెచ్చేదాన్ని 'పాత ఇమేజ్ ఉంటుంది కదా, దాన్నే చూపిస్తే సరి' అని నోటిమాటగా వదిలేశాను. మూడు నెలలకి అవసరం పడింది. చూస్తే ఆ ఇమేజ్ లేదు. రిజిస్ట్రీలో చివరి పది ఇమేజ్‌లు మాత్రం ఉంచి మిగతావి చెరిపేయమని ఒక నియమం ఉంది, ఎప్పుడో ఖర్చు తగ్గించడానికి మాలోనే ఒకరు పెట్టారు. చేత్తో కట్టే రోజుల్లో పది ఇమేజ్‌లంటే రెండు నెలల సరుకు. పైప్‌లైన్ వచ్చాక ప్రతి బ్రాంచ్‌లో ప్రతి పుష్‌కీ ఒక ఇమేజ్ పుడుతోంది, పది ఇమేజ్‌లు ఒక్క మధ్యాహ్నానికి చాలవు. నిన్నటి ఇమేజ్ సంగతి వదిలేయండి, అప్పుడు ప్రొడక్షన్‌లో నడుస్తున్న ఇమేజ్ కూడా రిజిస్ట్రీలో లేదు! నడుస్తున్న కంటైనర్ నడుస్తూనే ఉంది గానీ, అది ఒక్కసారి పడిపోతే మళ్ళీ లేపడానికి ఏమీ లేదు. ఇంతా చేసి ఆదా అయిందెంత? మేం వాడే రిజిస్ట్రీలో గిగాబైటుకి నెలకి 10 సెంట్లు. ముప్పావు జీబీ ఇమేజ్‌లు యాభై దాచుకున్నా నాలుగు డాలర్ల లోపే, ఒకేలా ఉన్న పొరల్ని (లేయర్లు) ఇమేజ్‌లు పంచుకుంటాయి కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఆఫీసు కింద టీ కొట్టు ఖాతా అంతకన్నా ఎక్కువ.

"ముందుకే పోదాం" అనేవాళ్ళు

మా టీములో ఒకావిడ ఉంది, నాకన్నా అనుభవం ఎక్కువ, నా వాదనని ఒప్పుకోదు. ఆమె అనేది ఏంటంటే, వెనక్కి వెళ్ళడమనేది ఒక భ్రమ. కోడ్ వెనక్కి వెళ్తుంది, డేటా వెళ్ళదు. కొత్త వెర్షన్ గంటసేపు నడిచిందంటే ఆ గంటలో రాసిన వరసలు కొత్త పద్ధతిలో ఉన్నాయి, పాత కోడ్‌కి వాటి మొహం తెలియదు. అందుకే టెస్టులు బాగా రాసుకుని, పైప్‌లైన్‌ని నాలుగు నిమిషాలకి తెచ్చుకుని, తప్పుంటే దిద్ది ముందుకే పోవాలి అంటుంది. పైగా "వెనక్కి బటన్ ఉందన్న ధీమాతో మీరు టెస్టులు రాయడం మానేస్తారు" అని కూడా అంది. ఆ మాట నాకు తగిలింది, ఎందుకంటే ఆ నెలలో నేను రాసిన టెస్టులు సున్నా.

ఆమె పక్షాన ఒక పెద్ద ఉదాహరణ ఉంది, ఆమె చెప్పలేదు గానీ నేనే చెబుతాను. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ని వాడకంలోకి తెచ్చింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే అది చేరింది, ఎనిమిదో దానికి కాపీ చేయడం మర్చిపోయారు. ఆ ఎనిమిదో దాంట్లో 2003 నుంచి వాడని పాత కోడ్ ఒకటి అలాగే పడి ఉంది, కొత్త ఫీచర్ కోసం తిరిగి వాడుకున్న ఒక ఫ్లాగు (ఆన్-ఆఫ్ మీట లాంటిది) వెళ్ళి దాన్ని నిద్రలేపింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్ల పైచిలుకు పోయింది. చేత్తో డిప్లాయ్ చేస్తే ఇలాగే ఉంటుంది అని చెప్పడానికి అందరూ ఈ కథ ఎత్తుతారు. మధ్యలో జరిగిన ఇంకో సంగతి అంతగా చెప్పుకోరు. కంగారులో వాళ్ళు సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ని తీసేశారు. దాంతో ఆ ఏడూ కూడా ఎనిమిదోదానిలాగే తయారయ్యాయి. వెనక్కి వెళ్ళడమే, అంటే రోల్‌బ్యాకే, మంట మీద పెట్రోలు పోసింది.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ వాళ్ళు తప్పుడు అప్‌డేట్‌ని 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. అయినా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో పడిపోయాయి. వాటిలో చాలావాటిని మనిషి దగ్గరికెళ్ళి లేపాల్సి వచ్చింది, ఎందుకంటే బూటే కాని కంప్యూటర్ కొత్త అప్‌డేట్‌ని ఎలా తెచ్చుకుంటుంది? ఆ రోజు హైదరాబాద్ నుంచి విమానమెక్కినవాళ్ళలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ అందుకున్నవాళ్ళున్నారు. ఆ ఫోటో ఫోన్లో చూడగానే నాకు మా సెక్రటరీ గారి రూళ్ళ పుస్తకం గుర్తొచ్చింది.

అంటే ఆమె చెప్పింది తప్పని నేననలేను. కానీ ఈ రెండు కథల్నీ నేను ఇంకోలా చదువుకుంటాను. నైట్ వాళ్ళు ఏ సర్వర్‌లో ఏముందో తెలియకుండానే వెనక్కి వెళ్ళారు, అంతకుముందు ఆ దారిలో నడిచి చూసినట్టూ లేరు. సాయంత్రం ఐదూ నలభైకి, పక్కన రెండు ఫోన్లు మోగుతుంటే, తప్పు ఎక్కడుందో వెతికి, దిద్ది, టెస్టు రాసి ఎక్కించడం నాలుగు నిమిషాల పైప్‌లైన్‌తో అయ్యే పని కాదు. నాలుగు నిమిషాలనేది మెషిన్ లెక్క. నా బుర్ర అప్పుడు ఎంత నెమ్మదిగా కదులుతుందో నాకు తెలుసు. ముందు పాతది పెట్టి, జనాన్ని ఇంటికి పంపించి, టీ తాగి, ఆ తర్వాత తప్పు వెతుకుతాను.

డేటా విషయంలో మాత్రం ఆమె చెప్పిందే మా టీములో నియమమైంది. టేబుల్లో కొత్త కాలమ్ చేర్చడం ఒక డిప్లాయ్, దాన్ని వాడటం ఇంకో డిప్లాయ్, పాత కాలమ్ తీసేయడం కనీసం రెండు వెర్షన్ల తర్వాత. ఏ క్షణంలోనైనా నిన్నటి కోడూ ఇవాళ్టి కోడూ ఒకే డేటాబేస్‌తో కాపురం చేయగలగాలి. దీనివల్ల కోడ్ అందం పోతుంది, నిజమే. మా రేట్ల టేబుల్లో ఇప్పటికీ ఒకే అర్థం ఉన్న కాలమ్‌లు రెండున్నాయి, కొత్తగా చేరినవాళ్ళు చూసి మొహం చిట్లిస్తారు. రోలింగ్ పద్ధతిలో డిప్లాయ్ చేసేవాళ్ళకి ఇది ఎటూ తప్పదు, ఎందుకంటే కొత్త కంటైనర్ లేచి పాతది దిగేదాకా ఆ రెండూ పక్కపక్కనే నడుస్తుంటాయి.

గురువారం ఒంటిగంట

క్లౌడ్ వాళ్ళే ఆటోమేటిక్ రోల్‌బ్యాక్ ఇస్తున్నారు కదా అని మా తమ్ముడు మొన్న మెసేజ్ పెట్టాడు. ఇస్తున్నారు, మేం వాడే అమెజాన్ ఈసీఎస్ (కంటైనర్లు నడిపే సేవ)లో కూడా సర్క్యూట్ బ్రేకర్ అని ఉంది, వాడతాం. అది చూసేది కొత్త కంటైనర్ లేచి నిలబడిందా లేదా అనే. 4.28ని 4.2 చేసే సర్వర్ చక్కగా నిలబడుతుంది. హెల్త్ చెక్‌లో (బతికే ఉన్నావా అని అడిగే పరీక్ష) డేటాబేస్‌ని పలకరించకుండా ఊరికే 'ఓకే' అనేసే సర్వర్లు కూడా అంతే ఆరోగ్యంగా కనిపిస్తాయి. వెనక్కి వెళ్ళాలన్న నిర్ణయం చాలాసార్లు మనిషిదే, కాబట్టి ఆ మనిషి చేతికి అందేచోట బటన్ ఉండాలి.

మేం చేసేదేంటంటే, వారానికోసారి, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి, ఏ గొడవా లేకుండానే ప్రొడక్షన్‌ని ఒక వెర్షన్ వెనక్కి తీసుకెళ్తాం, పది నిమిషాలు ఉంచుతాం, మళ్ళీ ముందుకి తెస్తాం. బిల్డ్ లేదు, టెస్టుల్లేవు, సర్వీసుని పాత డెఫినిషన్‌కి (ఏ ఇమేజ్ నడపాలో రాసి ఉన్న వివరం) చూపించడమే. వరస ప్రకారం ఒక్కోవారం ఒక్కొక్కరు నొక్కుతారు, కొత్తగా చేరిన ఇంటర్న్‌తో సహా. రెండున్నర నిమిషాలు పడుతుంది. మొదట్లో అందరూ నవ్వారు, ఉన్న ప్రొడక్షన్‌ని చేజేతులా కదిలించడమేంటని.

రెండో గురువారమే ఒకటి బయటపడింది. రైతు ఫోన్‌కి చీటీ వివరాలు ఎస్ఎంఎస్ పంపే పని మా సర్వర్ మెమరీలో క్యూ కడుతుంది. ఆగేముందు ఆ క్యూ ఖాళీ చేసే కోడ్ కూడా రాసి ఉంది. కానీ పాతదానికి మారినప్పుడు క్యూలో ఉన్నవి గల్లంతయ్యాయి. తవ్వితే తేలింది, ఆ కోడ్ పుట్టాక ఒక్కసారి కూడా నడవలేదు. కంటైనర్‌ని ఆపేటప్పుడు ముందు సిగ్‌టర్మ్ అనే సంకేతం వస్తుంది, కాస్త గడువిచ్చి చూసి, ఇంకా ఆగకపోతే చంపేస్తారు. మామూలు డాకర్‌లో ఆ గడువు 10 సెకన్లు, ఈసీఎస్‌లో వేరే ఏమీ చెప్పకపోతే 30. మా కంటైనర్ ఒక చిన్న షెల్ స్క్రిప్టుతో (వరసగా నడిచే ఆదేశాల ఫైలు) మొదలవుతుంది, సంకేతం ఆ స్క్రిప్టు దగ్గరే ఆగిపోతోంది, లోపలున్న ప్రోగ్రాంకి చేరడమే లేదు. గడువు అయిపోగానే తల తెగుతోంది. స్క్రిప్టు చివరి లైను మొదట్లో 'ఎగ్జెక్' అని ఒక్క మాట తగిలిస్తే సరిపోయింది. అంటే ఆ రోజు వరకు ప్రతి డిప్లాయ్‌లోనూ కొన్ని ఎస్ఎంఎస్‌లు పోతూనే ఉన్నాయన్నమాట, చీటీ చేతిలో ఉంది కదా అని రైతులు అడగలేదు, వాళ్ళు అడగలేదు కాబట్టి మాకు తెలియలేదు.

ముందుకెళ్ళే పైప్‌లైన్ అప్పటికి వందలసార్లు నడిచింది. ఒక్కసారీ ఇది చెప్పలేదు.

ఇదంతా మా తమ్ముడికి కూడా చెప్పాను, ఇంత సుత్తి లేకుండా. వాడు రెండు రోజులు కూర్చుని బటన్ తయారుచేశాడు, ఇమేజ్‌లకి పేర్లు మార్చాడు, జరిగిపోయే ఆరు పేర్లనీ కట్టేశాడు. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నొక్కాను. పాతది లేవట్లేదు."

లాగ్ చదవమన్నాను. ఇమేజ్ ఉంది, దిగింది, మొదలైంది, మొదలైన వెంటనే చచ్చిపోతోంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ని దాచుకున్న పేరుని పోయిన వారం వాడే మార్చాడట, పాతపేరు అనవసరమని తీసేశాడట. పాత కోడ్ లేచి ఆ పాతపేరునే అడుగుతోంది.

"ఇప్పుడు నడుస్తున్నదానికేమైనా అయిందా?"

"లేదు, అది నడుస్తూనే ఉంది. పాతది నిలబడలేదని దాన్ని దించలేదు."

"టైమెంత?"

"ఒంటిగంటా పది. బస్సులు మూడున్నరకి గానీ కదలవు" అని, ఫోన్ పెట్టేయకుండానే టైపు చేయడం మొదలుపెట్టాడు.